మొదటి వారంలోనే అందాల్సిన మందు: వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వ్యవసాయ శాఖ మంత్రి శ్రీ తుమ్మల నాగేశ్వరరావు గారికి,



సంగారెడ్డి జిల్లా కొల్లూరు నుంచి ఈ లేఖ రాస్తున్నాను. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ఇక్కడి పాత చేలల్లో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. 2023లో ప్రారంభమైన డబుల్ బెడ్‌రూం కాలనీ ఒక్కదానిలోనే 15,660 ఇళ్లున్నాయి. పంట పండించే ఊరు కాస్తా పంట కొనుక్కుని తినే ఊరైంది. అయినా సాగు సంగతులు ఈ ఊరికి దూరం కాలేదు. కొద్ది కిలోమీటర్ల అవతల పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. 1972 నుంచి కంది, శనగ, జొన్న మీద అక్కడ పరిశోధన సాగుతోంది. ఇంకో వైపు రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ, జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ, మీ శాఖకు చేదోడుగా ఉండే జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఆకు తినే, కాయ తొలిచే పురుగుల్ని వేప గింజల కషాయంతో, బాక్టీరియాతో, పురుగులకే సోకే వైరస్‌తో అదుపు చేయవచ్చని ఈ చుట్టుపక్కల పొలాల్లోనే తేలింది. తేలి రెండు దశాబ్దాలు దాటింది. అయినా నారాయణఖేడ్‌లోనో తాండూరులోనో కంది పూతకొచ్చిన వేళ పచ్చ పురుగు కనబడితే రైతు పరుగెత్తేది మందుల దుకాణానికే. లోపం ఆ కషాయాల్లో, ఆ బాక్టీరియాలో లేదని, వాటిని రైతుకు అందిస్తున్న పద్ధతిలో ఉందని మీ ముందు వాదించడానికే ఈ లేఖ.

ముందు ఇవి పురుగును ఎలా చంపుతాయో చూడాలి, ఎందుకంటే తర్వాత చెప్పబోయే వాదనంతా దాని మీదే ఆధారపడి ఉంది. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియాను రైతులు క్లుప్తంగా బీటీ అంటారు. 1901లో జపాన్‌లో చచ్చిపోతున్న పట్టుపురుగుల్లో ఇషివతా దాన్ని గుర్తించాడు. 1911లో జర్మనీలో తురింజియా ప్రాంతపు పిండిపురుగుల్లో బెర్లినర్ మళ్లీ కనుగొన్నాడు, ఆ ప్రాంతం పేరే దానికి స్థిరపడింది. ఈ బాక్టీరియా తన బీజంతో పాటు ఒక ప్రోటీన్ స్ఫటికాన్ని తయారుచేస్తుంది. ఆకు మీద పడిన ఆ స్ఫటికాన్ని పురుగు ఆకుతో పాటు మింగాలి. పురుగు కడుపు మన కడుపులా ఆమ్లంతో నిండి ఉండదు, గట్టి క్షారంతో ఉంటుంది. ఆ క్షారంలోనే స్ఫటికం కరిగి, పేగు గోడ మీద తనకు సరిపడే చోట అతుక్కుని, చిల్లులు పెడుతుంది. కొన్ని గంటల్లో పురుగు నోరు కట్టేస్తుంది. మేత మానేస్తుంది. కానీ వెంటనే చావదు. రెండు మూడు రోజుల పాటు ఆకునే పట్టుకుని, మెల్లగా మెత్తబడి, నల్లబడి వేలాడుతుంది. వేప దారి వేరు. గింజలోని అజాడిరాక్టిన్ పురుగుకు మేత మీద విముఖత పుట్టిస్తుంది, కుబుసం విడిచే హార్మోనును చెడగొడుతుంది. పాత చర్మం సగం ఊడి సగం అంటుకున్న పురుగు అక్కడే ముగిసిపోతుంది. దీనికి వారం పడుతుంది.

మూడోది వైరస్. శనగపచ్చ పురుగుకు సోకే ఎన్‌పీవీ వైరస్ ఆ జాతి పురుగులకు తప్ప మనిషికి, తేనెటీగకు, సాలీడుకు ఏమీ చేయదు. జబ్బుపడ్డ పురుగు మొక్క కొసకు ఎక్కి, తలకిందులుగా వేలాడి, ముట్టుకుంటే చిట్లిపోయేంత మెత్తగా చస్తుంది. కారిన ద్రవంలోని వైరస్ కింది ఆకుల మీద పడి మిగతా పురుగులకు అంటుకుంటుంది. కొల్లూరుకు దగ్గర్లోనే, శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిలో 1999 నుంచి ఇక్రిశాట్ నడిపిన ఆదర్శ వాటర్‌షెడ్‌లో ఊరివాళ్లే ఈ వైరస్‌ను తయారుచేయడం నేర్చుకున్నారు. కంది చేలో ఇద్దరు సాళ్ల మధ్య ప్లాస్టిక్ పట్టా పట్టుకుని నడుస్తుంటే మరొకరు మొక్కల్ని వంచి గట్టిగా దులుపుతారు. పురుగులు జలజలా పట్టా మీద రాలతాయి. మందులు రాకముందు నుంచీ మన రైతులకు తెలిసిన పని అది. రాలిన వాటిలో కొన్నిటికి వైరస్ కలిపిన శనగలు మేతగా పెడితే వారంలో చస్తాయి. చచ్చిన వాటిని నీళ్లలో నలిపి, గుడ్డలో వడపోసి, వెలుతురు తగలకుండా దాచుకుంటే చేనుకు మందు సిద్ధం. హెక్టారుకు 250 పురుగుల సారం చాలు. పురుగునే పురుగుకు మందుగా మార్చిన ఈ పనికి కావలసింది చదువు కాదు, శుభ్రత, ఓపిక.

పనిచేస్తుందనడానికి రుజువేమిటని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. పటాన్‌చెరులో 1999 జూన్‌లో ఒక దీర్ఘకాల ప్రయోగం మొదలైంది. ఒకే పొలాన్ని భాగాలుగా చేసి, కొన్నిటిలో రసాయన ఎరువులు, పురుగుమందులు మామూలుగా వాడారు. మరికొన్నిటిలో రసాయన పురుగుమందు చుక్క కూడా వేయకుండా వేప, గ్లిరిసిడియా ఆకు మగ్గబెట్టి తీసిన నీళ్లు, బాసిల్లస్ సబ్‌టిలిస్ బాక్టీరియా, పురుగును పట్టే మెటారైజియం బూజు వాడారు. పంటల్లో ఎక్కువ పురుగుపట్టే పత్తి కూడా ఉంది. మొదటి ఏడు జీవ పద్ధతి వెనకబడింది. రెండో ఏడు నుంచి దిగుబడులు రసాయన పద్ధతికి దీటుగా వచ్చాయి. ఇది ఒకే క్షేత్రంలో జరిగిన ప్రయోగం, నేల పోషణ కూడా మారింది కాబట్టి ఫలితమంతా పురుగుల అదుపుకే కట్టబెట్టలేం. కానీ రసాయనం లేకపోతే పత్తి చేను మొత్తం పురుగుల పాలవుతుందనే మాట మాత్రం అక్కడ నిలవలేదు. మెట్ట జిల్లాల ఆముదం మీద రాజేంద్రనగర్ నూనెగింజల సంస్థ శాస్త్రవేత్తలు చేసిన పని ఇంకా సూటిగా ఉంది. ఆముదం ఆకుల్ని ఈనెలు మిగిల్చి తినేసే దాసరి పురుగు మీద వాళ్లు బీటీ రకాన్ని ఎంచి, పెద్ద పెద్ద ట్యాంకులు అక్కర్లేకుండా చవక పదార్థాల మీద పెంచే పద్ధతి రూపొందించారు. ఆ పురుగు విషయంలో ఒక చిన్న వివరం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. చేలో జాగ్రత్తగా చూస్తే కొన్ని దాసరి పురుగుల పొట్ట కింద, వెనక వైపు, బియ్యపు గింజంత గూడు అతుక్కుని కనిపిస్తుంది. అది పురుగు లోపల పెరిగి బయటికొచ్చిన ఒక చిన్న కందిరీగ గూడు. రసాయనం కొడితే ముందు పోయేది ఆ కందిరీగే. బీటీ దాని జోలికి పోదు. చేను ఉచితంగా పెట్టుకున్న కాపలాదారును చంపని మందు అది.

ఇంత తెలిసి కూడా రైతు ఎందుకు వాడడు? వాడిన చాలామంది పనిచేయలేదనే చెబుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఇక్కడే కాలం లెక్క ముఖ్యం. శనగపచ్చ పురుగు గుడ్డు మూడు నాలుగు రోజుల్లో పగులుతుంది. పిల్ల పురుగు మొదటి వారం లేత ఆకు, మొగ్గ గీకి తింటూ పైపైనే ఉంటుంది. ఆ వారంలో బీటీ అయినా, వైరస్ అయినా, వేప అయినా బాగా పనిచేస్తుంది. వారం దాటాక పురుగు పెరిగి, తల కాయలో పెట్టి తింటుంది, అప్పుడు అదే మందు మోతాదు రెట్టింపు చేసినా అందదు. కానీ మన దగ్గర జరిగేదేమిటి? వేలెడంత పురుగు కళ్లపడ్డాకే మందు ఆలోచన వస్తుంది. దుకాణంలో రేకుల కప్పు కింద వేసవి అంతా ఉడికిన బీటీ పొట్లం, ఎప్పుడు తయారైందో తెలియని వేపనూనె సీసా దొరుకుతాయి. సీసా మీద అజాడిరాక్టిన్ 300 పీపీఎం అని ఉందా, 1500 అని ఉందా, 10,000 అని ఉందా అన్నది అసలు విషయమైనా, ఆ తేడా ఎవరూ వివరించరు. ఎండకు వైరస్, బాక్టీరియా, అజాడిరాక్టిన్ మూడూ చెడతాయి కాబట్టి సాయంత్రం కొట్టాలి, కూలీ మాత్రం ఉదయం దొరుకుతుంది. మర్నాడు చూస్తే పురుగు ఆకు మీదే ఉంటుంది. అది మేత మానేసిందని చెప్పేవాళ్లు పక్కన లేరు. రైతు మళ్లీ దుకాణానికి వెళ్లి ఈసారి ఘాటు మందు ఉద్దెరకు తెస్తాడు. ఖర్చు రెండింతలు, నమ్మకం సున్నా. ప్రాణమున్న సరుకును సిమెంటు బస్తాలా అమ్మితే ఫలితం ఇలాగే ఉంటుంది.

ఘాటు మందే మేలని వాదించేవాళ్లకు మన రాష్ట్రాల చరిత్రే జవాబు. 1987లో కోస్తా పత్తిలో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులకు లొంగలేదు. ఒక్క పంటకు ఇరవై, ముప్పై సార్లు కొట్టినా పురుగు కాయల్లోనే ఉంది. పదేళ్ల తర్వాత 1997-98లో వరంగల్ పత్తి మీద లద్దె పురుగు విరుచుకుపడింది. ఉద్దెర మందుల అప్పుతో ఎందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారో తెలంగాణ మరిచిపోలేదు, మీకు చెప్పనక్కర్లేదు. ఎక్కువగా వాడిన విషానికి తట్టుకున్నవే బతికి పిల్లల్ని కంటాయి, తర్వాతి తరం అంతా తట్టుకునేదే అవుతుంది. ఈ సూత్రం మా పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతానికి ఇంకో రూపంలో తెలుసు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇక్కడి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ను లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కొలిచారు. చికిత్స పొందుతున్న రోగి రక్తంలో ఉండే మోతాదును మించినది అది. అలాంటి నీటిలో బతికే బాక్టీరియా మందులకు లొంగకుండా తయారవుతుంది. ఈ ప్రాంతపు నక్కవాగు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టుకు కేసు వెళ్లింది. ఒక రసాయనాన్ని అదుపు లేకుండా వదిలితే అది చంపాల్సినవాటిని బలపరుస్తుందని ఈ ప్రాంతం నీళ్లలో చూసింది, ఆంధ్ర, తెలంగాణ పత్తి చేలల్లో చూశాయి.

ఇప్పుడు వస్తున్న కొత్త తరం మందులు అలాంటివి కావు, మనుషులకు అంత హాని లేదు, ఒక్క దఫా కొడితే రెండు వారాలు చూసుకోనక్కర్లేదు అంటారు. వాటిలో ఒకటైన క్లోరాంట్రానిలిప్రోల్ గురించి ఆ మాట చాలావరకు నిజమే. పాత ఆర్గానోఫాస్ఫేట్లతో పోలిస్తే కూలీకి అది ఎంతో సురక్షితం. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొట్టి ఇరవై మంది దాకా చనిపోయారని గుర్తు చేసుకుంటే ఈ తేడాను చిన్నది అనలేం. కానీ క్యాబేజీ తినే డైమండ్ రెక్కల పురుగు థాయ్‌లాండ్‌లో, ఫిలిప్పీన్స్‌లో కొన్నేళ్లలోనే ఆ మందును కూడా తట్టుకోవడం నేర్చుకుంది. కొత్త మందును రక్షించుకోవాలన్నా దాన్ని అరుదుగా వాడాలి. మొదటి వారంలో జీవ మందులు పురుగుల సంఖ్యను తగ్గిస్తేనే అది సాధ్యం. నేను రసాయనం మీద యుద్ధం ప్రకటించమనడం లేదు. అది ఆఖరి ఆయుధంగా ఉండాలంటే దానికి ముందు వరస ఒకటి ఉండాలి కదా.

మరి బీటీ పత్తి సంగతి ఏమిటని ఇంకొకరు అడుగుతారు. ఈ బాక్టీరియా జన్యువును పత్తి గింజలోనే పెట్టి 2002లో అనుమతించారు. మొదట్లో శనగపచ్చ పురుగు మీద మందులు తగ్గిన మాట కాదనలేం. కానీ మొక్క మొలిచిన రోజు నుంచి పత్తి తీసేదాకా ప్రతి ఆకులో, ప్రతి కాయలో విషముంటే గులాబీ రంగు పురుగుకు అలవాటు పడడానికి సీజనంతా సమయం దొరికింది. 2010లో గుజరాత్‌లో మొదటి రకం బీటీ పత్తికి లొంగని గులాబీ పురుగును ఆ విత్తనం తయారుచేసిన కంపెనీయే ప్రకటించింది. తర్వాత రెండు జన్యువుల పత్తినీ అది దాటేసింది. పిచికారీ చేసిన బీటీ నాలుగైదు రోజుల్లో ఎండకు పోతుంది, అది లోపంగా కనిపించినా పురుగు అలవాటు పడకుండా కాపాడేది అదే. అయినా హవాయిలో క్యాబేజీ కుటుంబపు పంటల మీద బీటీ పిచికారీనే ఎడతెగకుండా వాడితే డైమండ్ రెక్కల పురుగు దానికీ లొంగకుండా పోయిందని 1990 నాటికే తేలింది. ఏ ఒక్క మందునూ అదేపనిగా వాడకూడదు, జీవ మందుకూ ఈ నియమం వర్తిస్తుంది. ఇంకో పరిమితి కూడా దాచకుండా చెప్పాలి. కాయ లోపల కూర్చున్న గులాబీ పురుగును బీటీ పిచికారీ ఏమీ చేయలేదు. మక్క సుడిలోకి దిగిపోయిన కత్తెర పురుగునూ అంతే. 2018లో కర్ణాటకలో మొదట కనిపించి అదే ఏడాది మన మక్క చేలకు చేరిన ఆ పురుగు మీద వేప, బీటీ పనిచేయాలంటే ఆకు మీద గీతలు, చిన్న చిల్లులు కనిపించే దశలోనే కొట్టాలి. రసం పీల్చే పురుగుల మీద బీటీ పనే చేయదు.

చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని లేదనే మాట నేను అనను, ఎవరూ అనకూడదు. పొగాకు కషాయం కూడా చెట్టు మందే, నికోటిన్ చర్మం గుండా లోపలికి వెళ్లే విషం. బాక్టీరియా అయితే మంచిదనడానికీ లేదు. పటాన్‌చెరులో పురుగును చంపే బాక్టీరియా కోసం వెతికి పరీక్షించిన వాటిలో సెరేషియా మార్సెసెన్స్ ఒకటి. అదే జాతి ఆసుపత్రుల్లో బలహీనంగా ఉన్న రోగులకు సోకుతుంది. ఏ బాక్టీరియా, ఏ రకం అన్నది ప్రయోగశాలలో తేల్చకుండా ఊళ్లో డ్రమ్ముల్లో పెంచడం ప్రమాదం. పట్టుపురుగులు పెంచే మల్బరీ తోటల పక్కన బీటీ వాడకూడదు, ఈ బాక్టీరియా మొదట దొరికిందే చచ్చిన పట్టుపురుగుల్లో అని పైన చెప్పాను. వీటన్నిటికంటే మన రాష్ట్రంలో పెద్ద ప్రమాదం నకిలీ. బయో మందు అని అమ్మే సీసాల్లో రసాయనం కలపడం మిర్చి రైతులకు బాగా తెలిసిన మోసం. గంటల్లో పురుగు రాలిపోతే అది బయో కాదనే అనుమానించాలి. ఆ మోసంతో రెండు నష్టాలున్నాయి. రైతు తెలియకుండా విషం కొడతాడు, నిజమైన బయో మందు నెమ్మదిగా పనిచేస్తే దాన్ని నకిలీ అనుకుంటాడు. కాబట్టి ప్రతి బ్యాచ్‌ను పరీక్షించి, జీవకణాల లెక్క, రసాయనం లేదన్న నిర్ధారణ, తయారీ తేదీ తెలుగులో అంటించకుండా ఏ సంచీ బయటికి పోకూడదు. పటాన్‌చెరు, పాశమైలారం ఫార్మా పరిశ్రమల్లో సూక్ష్మజీవుల పరీక్ష రోజూ చేసే యువతీయువకులు ఉన్నారు. ఆ నైపుణ్యం ఈ జిల్లాకు కొత్త కాదు.

ఈ పనిని ఊరు చేయగలదా అనే సందేహానికి మీ ఉమ్మడి ఖమ్మం జిల్లాలోనే జవాబుంది. పాల్వంచ దగ్గర పునుకుల గ్రామం పత్తి, మిర్చి పండిస్తూనే 2003-04 ప్రాంతంలో రసాయన పురుగుమందు లేని ఊరుగా నిలిచింది. అక్కడ మహిళా సంఘం వేప గింజలు పొడిచేసే యంత్రం పెట్టుకుంది. ఆ ఒక్క యంత్రమే ఆ ఊరి కథలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. ఐదు కిలోల వేప పప్పు దంచి, గుడ్డలో కట్టి, రాత్రంతా పది లీటర్ల నీళ్లలో నానబెట్టి, వడపోసి, వంద గ్రాముల సబ్బు పొడి కలిపి, వంద లీటర్లు చేయాలని పుస్తకంలో ఉంటుంది. ఎకరానికి దాదాపు రెండింతలు కావాలి. ఐదెకరాల రైతు ఇంట్లో ఈ దంపుడు ఎవరు చేస్తారు? ఆ భారం చివరికి ఆడవాళ్ల చేతుల మీదే పడుతుంది. దంచిన పొడి ఊళ్లోనే కొలిచి అమ్మితే ఆ అడ్డంకి పోయింది. ఆ అనుభవం మీదే 2004-05 నుంచి పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సస్యరక్షణను కొన్నేళ్లలో లక్షల ఎకరాలకు చేర్చింది. కషాయాలు, లింగాకర్షక బుట్టలు అద్దెకిచ్చే దుకాణాలు ఊళ్లలో వెలిశాయి. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ దాన్ని ప్రకృతి వ్యవసాయంగా కొనసాగించింది. మన వైపు ఆ ఊపు తగ్గింది. జనగామ జిల్లా ఏనెబావి లాంటి ఊళ్లు వాళ్ల పట్టుదలతోనే నిలబడ్డాయి.

ఊరి స్థాయిలో చేసింది దేశ స్థాయికి పోతుందా అంటే బ్రెజిల్‌ను చూడాలి. అక్కడ సోయా ఆకు తినే ఒక పురుగు మీద ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎంబ్రాపా 1980ల మొదట్లో ఎన్‌పీవీ వైరస్‌ను ప్రచారం చేసింది. వైరస్ కొట్టిన చేలల్లో చచ్చిన పురుగుల్ని రైతులు, కూలీలు ఏరి ఇస్తే వాటిని గడ్డకట్టించి, పొడిచేసి, మళ్లీ పంచారు. హెక్టారుకు యాభై పురుగుల సారం సరిపోయేది. 2000ల మొదటి సంవత్సరాలకు సుమారు 20 లక్షల హెక్టార్లలో వాడకం సాగింది. ఆ తర్వాత అది ఎలా తగ్గిందో కూడా మనకు పాఠమే. కలుపు మందుతో పాటే పురుగుమందు కలిపి ముందే కొట్టేసే అలవాటు పెరిగింది. చేలల్లో పురుగులు ఆ ముందు దఫాలోనే పోయాయి, వైరస్ పెంచడానికి పురుగే దొరకలేదు. వైరస్ బలహీనపడలేదు, దాన్ని అందించే ఏర్పాటు చెదిరింది. నా వాదనకు అదే బలం. క్యూబా 1990లలో దిగుమతులు ఆగిపోయినప్పుడు రెండు వందలకు పైగా చిన్న కేంద్రాల్లో బీటీ, ఇతర జీవ మందులు తయారుచేసుకుంది. అక్కడ నాణ్యత కేంద్రానికీ కేంద్రానికీ తేడాగా ఉండేదన్న విమర్శను మనం ముందే గమనించాలి.

రైతు కోణం నుంచి వచ్చే అభ్యంతరం వీటన్నిటికంటే బరువైనది. కౌలు రైతు అప్పుతో సాగు చేస్తాడు, ఒక్క పంట పోతే కోలుకోలేడు. వారం ఆగి చూడమని అతనికి చెప్పే హక్కు, నష్టం పంచుకోని వాళ్లకు లేదు. 2021లో శ్రీలంక రాత్రికి రాత్రి రసాయన ఎరువులు, మందుల దిగుమతి ఆపేసి, పంటలు దెబ్బతిని, అదే ఏడాది నవంబరులో వెనక్కి తగ్గింది. అలాంటి తొందర ఇక్కడ వద్దు. పటాన్‌చెరు ప్రయోగంలోనే మొదటి ఏడు వెనకబడిందని పైన చెప్పాను. ఆ మొదటి ఏటి నష్టభయాన్ని ప్రభుత్వం తీసుకోవాలి. ఎంచుకున్న మండలాల్లో రెండు సీజన్ల పాటు, వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) సలహా ప్రకారం జీవ మందులు వాడిన చేలో దిగుబడి పక్క చేల సగటు కంటే తగ్గితే ఆ తేడా చెల్లిస్తామని రాతపూర్వకంగా ఇవ్వండి. అప్పుడు మాత్రమే రైతు ఆ వారం ఆగగలడు.

ఏర్పాటు కొత్తగా కట్టనక్కర్లేదు. ఐదు వేల ఎకరాలకు ఒకటి చొప్పున 2,601 రైతు వేదికలు, ఒక్కో దానికి ఒక ఏఈవో ఈ రాష్ట్రంలో ఇప్పటికే ఉన్నారు. సంగారెడ్డి, వికారాబాద్ జిల్లాల కంది మండలాలతో మొదలుపెట్టండి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, విషం అంటని కందిగా దానికి ఇంకో గుర్తింపు తేవచ్చు. పూత మొదలైన నాటి నుంచి ప్రతి రైతు వేదిక పరిధిలో లింగాకర్షక బుట్టలు పెట్టి, అందులో పడిన రెక్కల పురుగుల సంఖ్యను వారానికి రెండుసార్లు బోర్డు మీద రాయించండి. సంఖ్య పెరిగిన రెండు మూడు రోజుల్లో గుడ్లు, పిల్ల పురుగులు వస్తాయి. ఆ లోపు మందు ఊళ్లో ఉండాలి. నాలుగైదు మండలాలకు ఒక తయారీ కేంద్రం చాలు. బీటీ మూల కల్చర్ నూనెగింజల పరిశోధన సంస్థ నుంచి, వైరస్ మూలం వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వస్తుంది. తయారీ మహిళా సంఘాలది, పరీక్ష మాత్రం వేరే చేతుల్లో, ప్రభుత్వ ప్రయోగశాలలో ఉండాలి. చేసేవాళ్లే పరీక్షించుకుంటే క్యూబా ఇబ్బందే మనకూ వస్తుంది. తయారైన వారంలో చేలకు చేరే మందుకు గోదాములతో పనిలేదు. సబ్సిడీ మీద సీసాలు కొని పంచే పాత పద్ధతి కంటే ఇది ఖరీదైనదని ఆర్థిక శాఖ అంటే, చెడిపోయిన సీసా ఎంత చవకైనా దండగేనని మీరు చెప్పగలరు.

వేప గురించి ఒక ఆందోళన చెప్పి ముగిస్తాను. 2021-22లో తెలంగాణ అంతటా వేప చెట్లు కొమ్మల చివర నుంచి ఎండిపోయాయి. ఫోమాప్సిస్ అనే బూజు తెగులు దానికి ప్రధాన కారణమని మన వ్యవసాయ విశ్వవిద్యాలయం తేల్చింది. చాలా చెట్లు తిరిగి చిగురించాయి కానీ కాపు అన్ని చోట్లా ఒకలా లేదు. గింజ నిల్వ లేకుండా వేప కషాయం గురించి ప్రకటనలు చేసి లాభం లేదు. పండ్లు రాలడం మొదలయ్యేది మే చివర, జూన్ మొదట్లో. తొలి వాన పడేలోగా ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టాలి. ఎండలో పోసినా, తడి తగిలి బూజు పట్టినా ఆ గింజలో పురుగును ఆపే శక్తి ఉండదు. అలా ఆరిన గింజ కంది పూతకొచ్చే అక్టోబరు, నవంబరు నాటికి సరిగ్గా వాడకానికి వస్తుంది. ఏరిన గింజకు కిలోకు ఇంత ధర అని ఏప్రిల్‌లోనే ప్రకటించి, కొనుగోలు బాధ్యత మండల మహిళా సమాఖ్యలకు ఇవ్వండి. ఖాళీగా ఉండే రైతు వేదికల వరండాల్లో ఆ నెల రోజులూ వేప గింజలు ఆరాలి. ఈ ఏడాది కందికి అందాలంటే ఆ కొనుగోలు ఉత్తర్వు మార్చి ముగిసేలోపు మీ సంతకంతో రావాలి.

ఇట్లు,
కొల్లూరు నివాసి, సంగారెడ్డి జిల్లా